అప్పు తీరుస్తూనే ఆరోగ్యాన్ని, ఇంటిని నిలుపుకోవడం ఎలా

అప్పులు తీర్చాలని గట్టిగా నిర్ణయించుకున్న కుటుంబాలు మొదటి రెండు మూడు నెలలు ఎంతో పట్టుదలగా ఉంటాయి. ఖర్చులన్నీ ఒక్కసారిగా తగ్గించేస్తారు, సెలవు రోజుల్లోనూ పని ఒప్పుకుంటారు, రాత్రి ఆలస్యంగా పడుకుని తెల్లవారకముందే లేస్తారు. ఆ తరువాత ఇంట్లో ఎవరికో జ్వరం వస్తుంది, లేదా పిల్లల పరీక్షలు దగ్గరపడతాయి, లేదా ఆఫీసులో పని పెరుగుతుంది, ప్రణాళిక అక్కడితో ఆగిపోతుంది. తమకు మనోబలం చాలలేదని చాలామంది బాధపడతారు గానీ, నిజానికి లోపం ఉన్నది ప్రణాళికలో. అప్పుకు ఒక పట్టిక, వ్యాయామానికి మరొకటి, ఇంటి పనులకు ఇంకొకటి విడివిడిగా వేసుకున్నప్పుడు, ఆ మూడూ ఒకే మనిషి ఓపికను, ఒకే సాయంత్రాన్ని పంచుకోవలసి ఉంటుందన్న సంగతి ఏ పట్టికలోనూ కనిపించదు.

అందుకే ఈ వ్యాసంలో మూడింటికీ కలిపి ఒకే పద్ధతి చెబుతున్నాను. అప్పు, ఆరోగ్యం, కుటుంబం ఈ మూడింటిలో ప్రతిదానికీ ఒక కనీస హద్దు పెట్టుకోవాలి. ఎంత కష్టమైన వారమైనా ఆ హద్దుకు దిగువకు జారకూడదు. ఆ హద్దులు దాటాక మిగిలిన డబ్బును, సమయాన్ని, ఓపికను కొన్ని నెలలపాటు ఒక్కదానికే కేటాయించాలి. మూడింటినీ ఒకేసారి పెంచుకుంటూ పోవాలన్న కోరిక సహజమైనదే అయినా, ఉద్యోగం, పిల్లలు, పెద్దవాళ్ల బాధ్యత ఉన్న ఇంట్లో అది ఎక్కువ కాలం సాగదు.

అప్పుల పేజీ

పని ఒక నోటుపుస్తకంతో మొదలవుతుంది. ఒక పేజీలో ఎడమ నుంచి కుడికి ఏడు గడులు గీయండి. ఎవరికి బాకీ, ఈ రోజుకు మిగిలిన అసలు, ఏడాదికి వడ్డీ శాతం, నెలనెలా తప్పనిసరిగా కట్టవలసిన కనీస మొత్తం, గడువు తేదీ, గడువు దాటితే పడే రుసుము అనేవి మొదటి ఆరు గడులు. ఏడో గడిలో ఆ అప్పు మీద ఈ ఒక్క నెలలో ఎంత వడ్డీ పడుతుందో రాయాలి. బ్యాంకు రుణాలు మాత్రమే రాసి ఊరుకోకూడదు. బంధువుల దగ్గర తెచ్చిన చేబదులు, వాయిదాల మీద కొన్న వస్తువులు, మరొకరి అప్పుకు మీరు పెట్టిన జామీను కూడా ఈ పేజీలోకి రావాలి. భార్యాభర్తల్లో ఒకరికి తెలియకుండా మరొకరు చేసిన అప్పు ఉంటే దాన్ని ఈ దశలోనే బయటపెట్టడం మేలు. ఆ మాట చెప్పడం ఎంత కష్టమైనా, పేజీలో లేని అప్పు మిగతా లెక్కలన్నింటినీ తప్పుదోవ పట్టిస్తుంది.

వడ్డీ శాతం గడి నింపేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. నెలకు 3 శాతం అంటే చిన్న అంకెలాగే కనిపిస్తుంది, కానీ కట్టకుండా వదిలేస్తే చక్రవడ్డీతో అది ఏడాదికి సుమారు 42.6 శాతం అవుతుంది. ఇక కొన్ని రుణాల్లో నెలనెలా అసలు తగ్గుతున్నా, మొదట తీసుకున్న మొత్తం మీదనే చివరిదాకా వడ్డీ వేస్తారు. దీన్నే ఫ్లాట్ వడ్డీ అంటారు. లక్ష అప్పును మూడేళ్లలో తీర్చేలా 12 శాతం ఫ్లాట్ వడ్డీకి తీసుకుంటే వడ్డీ 36,000 అవుతుంది, నెలసరి వాయిదా 3,778 దాకా వస్తుంది. తగ్గుతున్న అసలు మీద లెక్కగట్టి చూస్తే ఇది ఏడాదికి సుమారు 21 శాతం వడ్డీతో సమానం. రెండు అప్పులను పోల్చే ముందు రెండింటి వడ్డీనీ ఒకే పద్ధతిలోకి మార్చుకోవాలని చెప్పడానికి కారణం ఇదే.

ఏడో గడి ఎందుకో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. ఒక ఇంటికి మూడు అప్పులు ఉన్నాయనుకుందాం. వాహనం మీద 1,50,000 బాకీ, వడ్డీ ఏడాదికి 11 శాతం. క్రెడిట్ కార్డు మీద 60,000 బాకీ, వడ్డీ నెలకు 3 శాతం. దగ్గరివాళ్ల వద్ద వడ్డీ లేకుండా తెచ్చిన చేబదులు 10,000. అసలు మాత్రమే చూస్తే వాహన రుణమే పెద్ద బరువుగా కనిపిస్తుంది. ఏడో గడిలో చూస్తే దాని మీద ఈ నెల పడే వడ్డీ 1,375, కార్డు మీద పడేది 1,800. సగం కన్నా చిన్నదైన అప్పు ఇంటి ఆదాయాన్ని ఎక్కువగా తింటోందన్న సంగతి ఈ ఒక్క గడితో బయటపడుతుంది.

కొంచెం అదనంగా కడితే ఏమవుతుంది

ఆరోగ్యాన్ని పణంగా పెట్టి అప్పు తీర్చాలనుకునేవారు ఒక్కసారి ఈ లెక్కను ఓపికగా చూడాలని నా మనవి. లక్ష అప్పు ఉంది, వడ్డీ నెలకు 2 శాతం అనుకుందాం. నెలకు 2,000 కడితే అది వడ్డీకే సరిపోతుంది, అసలు ఎన్నటికీ తీరదు. నెలకు 2,500 కడితే తీరడానికి సుమారు 81 నెలలు పడుతుంది, మొత్తం కట్టేది 2,03,000 దాటుతుంది. అదే 3,000 కడితే సుమారు 55 నెలల్లో తీరుతుంది, మొత్తం 1,66,000 చిల్లర అవుతుంది. 4,000 కడితే 35 నెలలు, మొత్తం 1,40,000. 5,000 కడితే 26 నెలలు, మొత్తం దాదాపు 1,29,000.

ఈ అంకెలను వరుసగా పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. 2,500 దగ్గర నుంచి 3,000కు పెంచిన ఆ మొదటి 500, రెండేళ్లకు పైగా కాలాన్ని, 36,000 దాటిన వడ్డీని తగ్గించింది. 4,000 నుంచి 5,000కు పెంచిన చివరి 1,000 తగ్గించింది తొమ్మిది నెలలను, సుమారు 11,000 వడ్డీని. అంటే కనీస చెల్లింపు పైన వేసే మొదటి చిన్న మొత్తానికే బలం ఎక్కువ, ఆ తరువాత వేసే ప్రతి అదనపు మొత్తానికీ ఫలితం క్రమంగా తగ్గుతూ వస్తుంది. కాబట్టి ఆ మొదటి అదనపు మొత్తాన్ని ఎలాగైనా సమకూర్చుకోవాలి. కానీ ఆఖరి 1,000 కోసం రోజూ రెండు గంటల నిద్రను, పిల్లలతో గడిపే సాయంత్రాలను ఏళ్ల తరబడి వదులుకోవలసి వస్తే, ఆ బేరం చాలా ఇళ్లకు గిట్టదు. అలా వదులుకోక తప్పని పరిస్థితి ఉంటే, ఎన్ని నెలలు అన్నది ముందే నిర్ణయించుకుని క్యాలెండరులో ముగింపు తేదీ రాసుకున్నాకే ఒప్పుకోవాలి.

ఏ అప్పు ముందు తీర్చాలన్న ప్రశ్నకు రెండు సమాధానాలు ప్రచారంలో ఉన్నాయి. ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చడం లెక్క ప్రకారం లాభం. చిన్న మొత్తం ఉన్నదాన్ని ముందు ముగించడం మనసుకు ఊతం. రెండోది ఉత్త ఓదార్పు అని కొట్టిపారేయనక్కర్లేదు. అప్పు ఖాతాలను ఒక్కొక్కటిగా మూసేస్తూ వెళ్లేవారు మొత్తం అప్పు నుంచి బయటపడే అవకాశం ఎక్కువని డేవిడ్ గాల్, బ్లేక్ మెక్‌షేన్ అనే పరిశోధకులు 2012లో ప్రకటించారు. నా అభిప్రాయం ఏమిటంటే, వడ్డీ శాతాల మధ్య తేడా నాలుగైదు పాయింట్లే అయితే చిన్న అప్పును ముందు ముగించండి, పై ఉదాహరణలోలాగా తేడా భారీగా ఉంటే ఎక్కువ వడ్డీ అప్పు మీదికే అదనపు డబ్బంతా పంపండి. వడ్డీ లేని చేబదులును మాత్రం చివరికి నెట్టేసి మౌనంగా ఉండకూడదు. ఎప్పటికి ఇవ్వగలరో చెప్పి, ప్రతినెలా కొంచెమైనా ఇస్తూ ఉంటే డబ్బుతోపాటు మాట కూడా నిలుస్తుంది.

అప్పులన్నింటినీ కలిపి తక్కువ వడ్డీకి ఒకే రుణంగా మార్చుకునే అవకాశం దొరికినప్పుడు నెలసరి వాయిదా తగ్గిందని సంతోషించే ముందు కాలపరిమితి చూడాలి. పైన చెప్పిన లక్ష అప్పునే ఏడాదికి 12 శాతం వడ్డీకి పదేళ్ల రుణంగా మార్చుకుంటే వాయిదా 1,435కు దిగుతుంది, కానీ మొత్తం కట్టేది 1,72,000 దాటుతుంది. నెలకు 2 శాతం, అంటే ఏడాదికి 24 శాతం లెక్కన ఉన్న పాత వడ్డీతోనే నెలకు 3,000 కట్టి తీర్చినదాని కన్నా ఇది ఎక్కువ. అదే 12 శాతం వడ్డీకి మారి కూడా నెలకు 3,000 కట్టడం మానకుండా ఉంటే 41 నెలల్లో, సుమారు 1,22,000తో అప్పు ముగుస్తుంది. వడ్డీని తగ్గించుకోండి, వాయిదాను మాత్రం తగ్గించుకోకండి. ముందస్తు చెల్లింపుకు రుసుము ఉందేమో సంతకం పెట్టకముందే అడిగి తెలుసుకోవాలి.

మూడు కనీస హద్దులు

అప్పు విషయంలో కనీస హద్దు చాలా తేలిక: ప్రతి అప్పుకూ కట్టవలసిన కనీస మొత్తం గడువులోగా వెళ్లిపోవాలి. దీన్ని జ్ఞాపకశక్తికి వదిలేయకూడదు. జీతం పడిన రెండు మూడు రోజులకు ఖాతా నుంచి డబ్బు దానంతటదే వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. గడువు తేదీ నెలాఖరులో ఉంటే దాన్ని జీతం రోజుకు దగ్గరగా మార్చమని రుణదాతను అడగవచ్చు, చాలాచోట్ల ఒప్పుకుంటారు. దీనితోపాటు అత్యవసరాల కోసం ఒక చిన్న నిల్వ వేరే ఖాతాలో ఉండాలి. పెద్ద నిల్వ కోసం ఆగనక్కర్లేదు. వాహనం మరమ్మతు, ఆసుపత్రికి ఒక్కసారి వెళ్లిరావడం లాంటి ఖర్చులకు సరిపడా ఉంటే చాలు, అలాంటి ప్రతి ఖర్చుకూ మళ్లీ కార్డు గీకవలసిన అవసరం తప్పుతుంది. ఆ నిల్వ సమకూరాకే అదనపు చెల్లింపులు మొదలుపెట్టడం క్షేమం.

ఆరోగ్యం విషయంలో హద్దును నిద్రతో మొదలుపెట్టాలి. పెద్దలకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల సంఘాలు 2015లో ఏకాభిప్రాయంగా ప్రకటించాయి. వాడుతున్న మందులు, డాక్టరు చెప్పిన పరీక్షలు, ఆరోగ్య బీమా ప్రీమియం కూడా ఈ హద్దులోనివే. రక్తపోటు మాత్రలు ఒక నెల మానేసి ఆ డబ్బు వాయిదాకు కట్టడం పొదుపు కానే కాదు, ఎందుకంటే వాయిదాలు కట్టే సంపాదన నిలబడి ఉన్నదే ఆ ఒంటి మీద.

కుటుంబానికి పెట్టుకునే హద్దు ఇంటింటికీ మారుతుంది. రోజుకు ఒక పూట అందరూ ఫోన్లు పక్కన పెట్టి కలిసి భోజనం చేయడం కావచ్చు, పడుకునే ముందు పిల్లలతో పావుగంట కబుర్లు కావచ్చు, దూరంగా ఉన్న తల్లిదండ్రులకు వారానికి ఒక రోజు తీరికగా ఫోను చేయడం కావచ్చు. ఏదో ఒక్కటే ఎంచుకోండి. అది డబ్బు ఖర్చు లేనిదై, ఎవరూ లేదనలేనంత చిన్నదై ఉండాలి.

ఒంటికి కావలసినది ఎక్కడ దొరుకుతుంది

పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ స్థాయి శ్రమ చేయాలని, వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంతకుముందు సూచనల్లో ఒక్కోసారి కనీసం పది నిమిషాలైనా చేస్తేనే లెక్కలోకి వస్తుందన్న నియమం ఉండేది, 2020లో దాన్ని తీసేశారు. తీరిక లేని తల్లిదండ్రులకు ఇది నిజంగా మంచి వార్త. మెట్లు ఎక్కడం, ఒక స్టాపు ముందే దిగి వేగంగా నడవడం, పిల్లలతో పరుగెత్తి ఆడడం, ఫోనులో మాట్లాడుతూ నడవడం అన్నీ లెక్కలోకి వస్తాయి. వారంలో ఉన్నవి 168 గంటలు, 150 నిమిషాలంటే అందులో ఒకటిన్నర శాతం మాత్రమే. కండరాల వ్యాయామానికి ఇంట్లోనే గోడకు చేతులు ఆనించి దండీలు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటివి చాలు. జిమ్ సభ్యత్వానికి ఏడాది రుసుము ముందుగా కట్టడం అప్పులున్న ఇంటికి తగదు. మూడు నెలలు ఖర్చు లేని వ్యాయామం నిలబెట్టుకున్నాక కావాలంటే అప్పుడు ఆలోచించవచ్చు.

అలవాటు కుదిరేదాకా ఎంత కాలం పడుతుందన్న ప్రశ్నకు 21 రోజులని తరచుగా వింటుంటాం. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం చేసిన పరిశోధనలో అలవాటు దానంతటదిగా జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోగా, కొందరి విషయంలో అది 254 రోజుల దాకా పోతుందని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పిపోతే పెద్దగా నష్టం లేదని కూడా అదే పరిశోధన చెప్పింది. పిల్లలున్న ఇంట్లో రోజులు తప్పిపోతూనే ఉంటాయి కాబట్టి, ఒక రోజు తప్పినా రెండు రోజులు వరుసగా తప్పకూడదన్న నియమం పెట్టుకుంటే సరిపోతుంది. కొత్త అలవాటును ఇప్పటికే రోజూ జరిగే పనికి జతచేయాలి. పిల్లల్ని బడి బస్సు ఎక్కించిన వెంటనే ఇంటికి తిరిగిరాకుండా పావుగంట నడవడం దీనికి మంచి ఉదాహరణ. తీరిక దొరికినప్పుడు నడుద్దామనుకుంటే ఆ తీరిక ఎప్పటికీ దొరకదు.

ఆహారం గురించి ఎక్కువగా చెప్పవలసిన అవసరం లేదు. రేపు ఏం వండాలో ఇవాళే తేల్చుకుంటే బయటి నుంచి తెప్పించుకునే పూటలు తగ్గుతాయి. ఆ తగ్గుదల అప్పుకూ ఆరోగ్యానికీ ఒకేసారి పనికివస్తుంది. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన, దాన్ని అదుపులో ఉంచడం ఇంటి వంటలోనే సులువు. పొగాకు అలవాటు ఉన్నవారు మానడానికి వైద్య సహాయం తీసుకుంటే, ఆ ఖర్చు మిగిలిన డబ్బులోనే తిరిగి వస్తుంది.

వారానికి అరగంట

అప్పుల ఒత్తిడి మనిషి ఆలోచననే మందగింపజేస్తుంది. ఆనంది మణి, సెంథిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో కలిసి 2013లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, తమిళనాడు చెరకు రైతులకు పంట కోతకు ముందు, కోత తరువాత అవే తరహా మేధోపరీక్షలు పెట్టారు. కోతకు ముందు, చేతిలో డబ్బు ఆడనప్పుడు, అదే రైతులు తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. డబ్బు గురించిన నిర్ణయాలను అలసిపోయిన రాత్రుల్లో, గడువు ముంచుకొచ్చిన రోజున తీసుకోవద్దని చెప్పడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. వాటిని ముందే, కాస్త స్థిమితంగా ఉన్న వేళకు మార్చాలి.

అందుకోసం వారానికి ఒక అరగంట నిర్ణయించుకోండి. రోజూ రాత్రి డబ్బు మాటలు మాట్లాడుకునే ఇంట్లో నిద్ర కరువవుతుంది. అసలు మాట్లాడుకోని ఇంట్లో అనుమానాలు పెరుగుతాయి. సెలవు రోజు ఉదయం అలాంటి చర్చకు అనువైన సమయం. మొదటి పది నిమిషాలు వచ్చే ఏడు రోజుల క్యాలెండరు చూడండి: ఎవరికి ఆఫీసులో ఆలస్యమవుతుంది, పిల్లల్ని ఎవరు తీసుకొస్తారు, డాక్టరు అపాయింటుమెంటు ఎప్పుడు, ఏ రోజు ఎవరు నడకకు వెళతారు. తరువాతి పది నిమిషాలు నోటుపుస్తకం తెరిచి ఏ వాయిదా వెళ్లింది, ఏది వెళ్లాలి, నిల్వలో ఎంత ఉంది అన్నది చూడండి. చివరి పది నిమిషాల్లో ఒక్క నిర్ణయం మాత్రమే తీసుకోండి. జరిగిపోయిన ఖర్చుల గురించి ఈ అరగంటలో నిందలు వద్దు. "ఆ వస్తువు ఎందుకు కొన్నారు?" అని అడిగితే సంభాషణ అక్కడే తెగిపోతుంది. "వచ్చే వారం ఇలాంటిది వస్తే ఏం చేద్దామండీ?" అని అడిగితే ముందుకు సాగుతుంది. భార్యాభర్తలిద్దరికీ ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టుకునే కొద్దిపాటి సొంత మొత్తం ఉండాలి. అది ఎంత చిన్నదైనా సరే, లెక్క అడగకూడదు.

ఇంటి పనుల పంపకం కూడా ఈ అరగంటలోనే తేలాలి. ఒకరు అదనపు పని చేసి అప్పు తీరుస్తుంటే, మిగతా బరువంతా రెండోవారి మీద పడి వారి నిద్ర, నడక ముందుగా పోతాయి. చాలా ఇళ్లలో ఆ నష్టం ఇల్లాలి ఆరోగ్యానికే జరుగుతుంది, ఆ సంగతి ఏ లెక్కలోనూ రాదు. కాబట్టి అదనపు పని ఒప్పుకునే ముందు, దానివల్ల ఇంట్లో ఎవరి గంటలు పోతున్నాయో పేరు పెట్టి రాసుకోవాలి.

పిల్లల దగ్గర అప్పుల సంగతి పూర్తిగా దాచడం సాధ్యం కాదు. గుసగుసలు, చిరాకులు వాళ్లకు ముందే తెలిసిపోతాయి. "నాన్నా, మన దగ్గర డబ్బుల్లేవా?" అని అడిగితే, "తెచ్చుకున్న డబ్బు తిరిగి ఇచ్చేస్తున్నామమ్మా, అందుకే ఈ ఏడాది కొన్ని కొనడం లేదు. నీ చదువుకూ మన భోజనానికీ ఏ ఇబ్బందీ లేదు" అని స్థిరంగా చెప్పవచ్చు. అంకెలు చెప్పనక్కర్లేదు, బరువు వాళ్ల మీద పెట్టకూడదు.

చెడ్డ నెల వచ్చినప్పుడు

అలాంటి నెల తప్పక వస్తుంది కాబట్టి దానికోసం ఒక పేజీ ముందుగానే రాసిపెట్టుకోవాలి. ఆ పేజీలో మూడే విషయాలుంటాయి. అదనపు చెల్లింపులు ఆగిపోతాయి, కనీస చెల్లింపులు మాత్రమే వెళతాయి. వ్యాయామం రోజుకు పది నిమిషాల నడకకు తగ్గుతుంది, నిద్ర, మందులు యథాతథంగా ఉంటాయి. కుటుంబపు కనీస హద్దు అలాగే ఉంటుంది, మిగతా కార్యక్రమాలకు రాలేమని మర్యాదగా చెప్పేస్తారు. ఈ పేజీ అమల్లోకి వచ్చిందని ఇద్దరూ అనుకుని, ఎప్పుడు ముగుస్తుందో తేదీ పెట్టుకుంటే, ఆ నెల ప్రణాళిక విఫలమైనట్టు అనిపించదు. ప్రణాళికలో ఒక భాగమే జరుగుతున్నట్టు ఉంటుంది. పరిస్థితి కుదుటపడ్డాక ఆపేసిన అదనపు చెల్లింపును రెట్టింపు చేసి పూడ్చుకోవాలన్న తొందర అవసరం లేదు, పాత మొత్తంతోనే మళ్లీ మొదలుపెట్టండి.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఈ పద్ధతి ఒక్కటే సరిపోదు. ఒక అప్పు వాయిదా కోసం మరో అప్పు తీసుకోవలసి రావడం, కనీస చెల్లింపులు కట్టాక తిండికీ అద్దెకీ మిగలకపోవడం, ఫోను మోగితేనే గుండె దడ పుట్టడం అలాంటివి. ఆ దశలో వాయిదా తప్పాక కాదు, తప్పకముందే రుణదాతకు రాతపూర్వకంగా పరిస్థితి తెలియజేసి, వాయిదా తగ్గించమని, గడువు సవరించమని, కొంతకాలం విరామం ఇవ్వమని కోరాలి. విరామం ఇచ్చినా ఆ కాలానికి వడ్డీ పడుతుందో లేదో అడిగి తెలుసుకోవాలి. రుణ సలహా ఉచితంగా ఇచ్చే సంస్థలు చాలా దేశాల్లో ఉన్నాయి. అప్పంతా మాయం చేస్తామని ముందుగా రుసుము అడిగేవారి దగ్గరికి వెళ్లకూడదు. నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి సాగితే అది డాక్టరుకు చూపించవలసిన సమస్య. బతకడం వృథా అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఇంట్లోవాళ్లకు చెప్పి వైద్య సహాయం తీసుకోవాలి. అప్పుకు వాయిదాలుంటాయి, సవరణలుంటాయి, చట్టపరమైన పరిష్కారాలుంటాయి. వైద్య సహాయం విషయంలో ఆలస్యం చేయవద్దని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

మొదటి అప్పు తీరిన నెల

ఒక అప్పు తీరగానే దానికి కట్టే వాయిదా డబ్బు చేతిలో మిగులుతుంది. అది ఎటు వెళ్లాలో తీరకముందే నిర్ణయించకపోతే రెండు నెలల్లో మామూలు ఖర్చుల్లో కలిసిపోతుంది. అందులో పెద్ద భాగం తరువాతి అప్పు మీదికి, చిన్న భాగం అత్యవసర నిల్వకు, మరో చిన్న భాగం ఇన్నాళ్లూ వాయిదా వేసుకున్న ఒక ఆరోగ్య అవసరానికి పోవాలి. పళ్ల చికిత్స, కళ్లద్దాలు, కాళ్లు నొప్పెట్టని చెప్పులు లాంటివి చాలా ఇళ్లలో ఈ వరుసలోనే ఉంటాయి. ఈ సమయంలోనే వచ్చే కొన్ని నెలలకు ముందు వరుసలో ఏది ఉండాలో కూడా మార్చుకోవచ్చు. అప్పు కాస్త అదుపులోకి వచ్చి, ఇంట్లో ఒకరి రక్తంలో చక్కెర పెరుగుతూ ఉంటే, అదనపు చెల్లింపు తగ్గించి ఆ నెలల సమయాన్నీ డబ్బునూ ఆరోగ్యానికి ఇవ్వడం సరైన నిర్ణయమే.

తీరిన అప్పు విషయంలో కాగితాల పని మిగిలి ఉంటుంది. బాకీ ఏమీ లేదని రుణదాత నుంచి రాతపూర్వకమైన పత్రం తీసుకోవాలి, తాకట్టు పెట్టిన పత్రాలు, జామీను కాగితాలు, ముందుగా ఇచ్చిన చెక్కులు వెనక్కి తెచ్చుకోవాలి. ఖాతా నుంచి దానంతటదే వెళ్లే చెల్లింపును రద్దు చేయాలి, లేకపోతే తీరిన అప్పుకే మరో వాయిదా వెళ్లిపోయే ప్రమాదం ఉంది. రెండు మూడు నెలల తరువాత రుణ చరిత్ర నివేదిక తెప్పించుకుని ఆ ఖాతా ముగిసినట్టు నమోదైందో లేదో చూసుకోవాలి, తేడా ఉంటే అందిన పత్రాన్ని జతచేసి రాతపూర్వకంగానే సరిచేయించుకోవాలి.